తిరుగుడు ఎక్కడ జారిపోతోంది? సీవీటీ గేర్‌బాక్సు లోపాల నిర్ధారణ

సీవీటీ గేర్‌బాక్సులో ఒకటి, రెండు, మూడు అని మెట్లుమెట్లుగా మారే గేర్లు ఉండవు. రెండు కప్పీలు, వాటిని చుట్టుకున్న ఒక ఉక్కు బెల్టు ఉంటాయి. ఒక్కో కప్పీ ఎదురెదురుగా పెట్టిన రెండు ఏటవాలు పలకలు. ఒక పలక కదలదు. రెండోది ఆయిల్ ఒత్తిడితో ముందుకీ వెనక్కీ జరుగుతుంది. పలకలు దగ్గరైతే బెల్టు అంచు వైపుకు ఎక్కుతుంది, దూరమైతే నడుమకు దిగుతుంది. ఇంజన్ వైపు కప్పీ మీద బెల్టు ఎక్కేకొద్దీ చక్రాల వైపు కప్పీలో దిగుతుంది. బండి వేగం ఎక్కడా కుదుపు లేకుండా మారడానికి కారణం ఇదే.

ఈ ఏర్పాటు పల్లెకైనా కొత్తది కాదు. 1984లో వచ్చిన కైనటిక్ హోండాలోనూ, ఆ తర్వాత ఊరూరా తిరిగిన ఆక్టివాలోనూ ఉన్నది ఇదే సూత్రం. కాకపోతే స్కూటర్లో బెల్టు రబ్బరుది, పొడిగా తిరుగుతుంది, పక్క మూత విప్పితే కంటికి కనిపిస్తుంది. కారులో బెల్టు ఉక్కుది, ఆయిల్లో తడుస్తూ తిరుగుతుంది, గేర్‌బాక్సు మొత్తం విప్పితే తప్ప కనిపించదు. 1958లో హాలండ్‌లో డాఫ్ 600 కారు రబ్బరు బెల్టుతోనే వచ్చింది. ఉక్కు బెల్టు 1987లో జపాన్ సుబారు జస్టీతో మార్కెట్లోకి దిగింది. ఒక బెల్టులో సన్నని ఉక్కు ముక్కలు సుమారు నాలుగు వందలు ఉంటాయి. పొరలు పొరలుగా ఉన్న పలుచని ఉక్కు పట్టీలు వాటిని ఒకదాని వెనక ఒకటి పట్టి ఉంచుతాయి. కొన్ని సంస్థలు ఈ బెల్టు బదులు గొలుసు వాడతాయి. పెనుకొండ ఫ్యాక్టరీలో 2019 నుంచి తయారవుతున్న కియా సెల్టోస్ పెట్రోలు బండ్లలో ఐవీటీ పేరుతో వచ్చింది గొలుసు రకమే.

రిపేరు మాట ఎత్తే ముందు తేలాల్సింది బండిలో నిజంగా సీవీటీ ఉందా అన్నది. క్లచ్ పెడల్ లేని ప్రతి కారునూ జనం ఆటోమేటిక్ అంటారు. అందులో చాలా ఏఎంటీలు, అంటే మామూలు గేర్లకే క్లచ్ తొక్కే మోటారు తగిలించినవి. పేరు ఒకటే అయినా లోపలి సరుకు మారుతుంది. 2015లో వచ్చిన బలెనో ఆటోమేటిక్‌లో సీవీటీ ఉంది, 2022లో వచ్చిన కొత్త బలెనోలో ఏఎంటీ ఉంది. టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారాల స్ట్రాంగ్ హైబ్రిడ్ బండ్లలో ఈ-సీవీటీ అని రాసి ఉన్నా బెల్టూ ఉండదు, కప్పీలూ ఉండవు. మోటార్లూ ప్లానెటరీ గేర్లూ కలిసి ఆ పని చేస్తాయి. కాబట్టి చెప్పబోయే పరీక్షలు హోండా సిటీ, అమేజ్, పాత బలెనో, నిస్సాన్ మాగ్నైట్ టర్బో లాంటి బెల్టు సీవీటీలకు సరిగ్గా పనికొస్తాయి. గొలుసు రకానికి చాలావరకు వర్తిస్తాయి. ఏఎంటీకి పనికిరావు.

మంచి స్థితిలో ఉన్న సీవీటీ ఎలా నడుస్తుందో తెలియకపోతే లేని జబ్బు కనిపిస్తుంది. చిత్తూరు జిల్లాలో బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ అరుపు ముందు పెరుగుతుంది, వేగం తర్వాత అందుకుంటుంది. ఎక్కినంతసేపూ ఇంజన్ ఒకే స్థాయిలో గోల పెడుతుంది. మాన్యువల్ బండి నడిపి అలవాటైనవారికి అది క్లచ్ జారినట్టే అనిపిస్తుంది. అది జారుడు కాదు. ఇంజన్‌ను ఎక్కువ శక్తి ఇచ్చే తిరుగుడు దగ్గర నిలిపి, కప్పీల నిష్పత్తిని మార్చుకుంటూ పోవడం ఈ పెట్టె స్వభావం. ఇంజన్ గోల పెరిగి, వేగం కూడా దానితో పాటు నిదానంగానైనా పెరుగుతుంటే భయం లేదు. గోల ఉన్నట్టుండి ఎగిరి, వేగం పెరగకపోతే, అదీ ఒక కుదుపుతో వెనక్కి పడితే, అప్పుడు పరీక్ష మొదలుపెట్టాలి.

పరీక్ష మొత్తాన్నీ నడిపించే ప్రశ్న ఒక్కటే. తిరుగుడు ఏ రెండింటి మధ్య పోతోంది? ఇంజన్ నుంచి చక్రం దాకా శక్తి నాలుగు చోట్ల చేతులు మారుతుంది. మొదట టార్క్ కన్వర్టర్, అంటే ఆయిల్ ద్వారా ఇంజన్ తిరుగుడును అందించే గిన్నె. దాని తర్వాత ముందుకు పోవడానికీ, రివర్స్‌కూ వేర్వేరుగా ఉండే క్లచ్‌లు. ఆ తర్వాత ఇంజన్ వైపు కప్పీ, బెల్టు, చక్రాల వైపు కప్పీ. చివరగా డిఫరెన్షియల్. చాలా మోడళ్లలో వరస ఇదే. ఇంజన్ తిరుగుడు, కన్వర్టర్ తర్వాతి తిరుగుడు, మొదటి కప్పీ తిరుగుడు, రెండో కప్పీ తిరుగుడు. ఈ అంకెలను బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో పక్కపక్కన పెట్టుకుంటే తప్పు ఏ గదిలో ఉందో కనిపిస్తుంది. పెట్టె పోయింది, మొత్తం మార్చాలి అని షెడ్డులో చెప్పే ముందు ఈ అంకెలు చూశారా అని అడగడం బండి యజమాని హక్కు. చూడకుండా చెప్పిన మాటకు విలువ తక్కువ.

స్కానర్ కంటే ముందు బండి నడిపేవారిని అడగాలి. తప్పు పొద్దున చల్లని బండిలో వస్తోందా, గంట నడిచి వేడెక్కాక వస్తోందా? ఏ వేగం దగ్గర? ముందుకు మాత్రమేనా, రివర్స్‌లో కూడానా? ఆయిల్ చివరిసారి ఎప్పుడు, ఎక్కడ, ఏ డబ్బాలోంచి మార్చారు? ఈ ప్రశ్నల్లో చివరిదే ఎక్కువ సార్లు గుట్టు విప్పుతుంది.

గేర్‌బాక్సు మీద నింద పడే చాలా తప్పులు నిజానికి దాని బయటివి. బ్యాటరీ బలహీనమైతే గేర్‌బాక్సు కంప్యూటర్ తికమక పడి, సంబంధం లేని లోపాల కోడ్లు నమోదు చేస్తుంది. ఇంజన్ ఆపి కాసేపు ఉంచాక బ్యాటరీ 12.6 వోల్టులకు దగ్గరగా, ఇంజన్ నడుస్తుండగా 14 వోల్టుల చుట్టూ చూపాలి. డ్రైవ్‌లో పెట్టి బ్రేకు మీద నిలబెట్టినప్పుడు వణికి, న్యూట్రల్‌లో పెట్టగానే వణుకు తగ్గితే ముందు అనుమానించాల్సింది విరిగిన ఇంజన్ మౌంట్‌ను. ఘాట్ ఎక్కేటప్పుడు కొట్టుకుంటూ లాగితే స్పార్క్ ప్లగ్గు, ఇగ్నిషన్ కాయిల్ చూడాలి. ఒక సిలిండర్ మంట పట్టకపోయినా గేర్ జారినట్టే ఉంటుంది. ఇంజన్ కోడ్లలో మిస్‌ఫైర్ ఉంటే దాన్ని సరిచేసే దాకా గేర్‌బాక్సు జోలికి పోకూడదు. ఊళ్లలో ఇంటి ముందు, పశువుల కొట్టం పక్కన నిలిపే బండ్లకు ఎలుకల బెడద ఇంకొకటి. స్పీడ్ సెన్సర్ తీగ కొరికితే బండి ఒక్కసారిగా నీరసపడి, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. తీగ అతికిస్తే పోయే జబ్బుకు పెట్టె దింపినవాళ్లూ ఉన్నారు.

ఆ తర్వాత ఆయిల్. సీవీటీలో ఆయిల్ పని తడపడం ఒక్కటే కాదు. బెల్టు ముక్కకూ కప్పీ పలకకూ మధ్య, ఉక్కుకూ ఉక్కుకూ మధ్య, సరిపడా పట్టు ఉండాలి. ఆ పట్టు ఇచ్చే మందు ఆయిల్లోనే కలిపి ఉంటుంది. అందుకే మామూలు ఆటోమేటిక్ బండ్లకు పోసే ఏటీఎఫ్ దీంట్లో పోస్తే బెల్టు జారుతుంది, జారితే కప్పీ గీరుకుపోతుంది, గీరుకున్న కప్పీ మళ్లీ బెల్టును తింటుంది. హోండాకు హెచ్‌సీఎఫ్-2, నిస్సాన్‌కు ఎన్‌ఎస్-3 అని సంస్థలు పేరు పెట్టి చెప్పేది ఇందుకే. అన్ని బండ్లకూ పనికొస్తుందని అమ్మే ఆయిల్‌ను వారంటీ ఉన్న బండిలో పోయకపోవడం మంచిది, వారంటీ లేని బండిలో ఇంకా మంచిది.

ఆయిల్ మట్టం కొలవడానికి ఉష్ణోగ్రత ముఖ్యం. చాలా కొత్త బండ్లకు డిప్‌స్టిక్ ఉండదు. సమతలం మీద, ఇంజన్ నడుస్తుండగా, మాన్యువల్ చెప్పిన వేడి దగ్గర ఓవర్‌ఫ్లో ప్లగ్గు విప్పి, సన్నగా కారితే సరి అని తేల్చాలి. చల్లగా ఉండగా కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. తక్కువైతే పంపు గాలి మింగి ఒత్తిడి పడిపోతుంది. ఎక్కువైతే నురగ వచ్చి మళ్లీ ఒత్తిడే పడిపోతుంది. రంగు చూసి తీర్పు చెప్పడం పాత అలవాటు. రంగు కొంత మాత్రమే చెబుతుంది. నల్లబడి మాడువాసన వస్తే క్లచ్‌లు కాలాయని అర్థం. గులాబీ రంగు పాలలా మారి ఉంటే రేడియేటర్ నీళ్లు ఆయిల్లో కలిశాయని అర్థం. గేర్‌బాక్సు ఆయిల్‌ను ఇంజన్ కూలెంటుతోనే చల్లబరిచే బండ్లలో ఈ ప్రమాదం ఉంది. పలమనేరు, పుంగనూరు వైపు బోరు నీళ్లు పోసే అలవాటు రేడియేటర్‌కు మంచిది కాదు. కూలెంటు బదులు ఉప్పు నీళ్లు పోస్తే పొలుసు కట్టి, తుప్పు పట్టి, మొదట ఇంజన్, వెనకే గేర్‌బాక్సు వేడెక్కుతాయి.

ఇప్పుడు స్కానర్. దాన్ని తగిలించే ఓబీడీ పోర్టు స్టీరింగ్ కింద ఉంటుంది. బజారులో తక్కువ ధరకు దొరికే బ్లూటూత్ ముక్క చాలాసార్లు ఇంజన్ కోడ్లే చదువుతుంది, గేర్‌బాక్సు కంప్యూటర్‌ను పలకరించదు. దాంట్లో కోడ్ లేదంటే తప్పు లేదని కాదు. గేర్‌బాక్సును చదవగల స్కానర్ కావాలి. కోడ్లు చెరిపే ముందు వాటిని రాసుకోవాలి. కోడ్‌తో పాటు ఆ క్షణంలో వేగం ఎంత, వేడి ఎంత అన్న రికార్డు కూడా బండి దాచుకుంటుంది. ముందుగా చెరిపేస్తే ఆ సాక్ష్యం పోతుంది.

కోడ్ అంటే దారి చూపే గుర్తు. పి 0715 మొదటి వైపు స్పీడ్ సెన్సర్ గురించి, పి 0720 బయటికి పోయే వైపు సెన్సర్ గురించి. వీటికి ముందు తీగ, కనెక్టర్ చూడాలి, ఆ తర్వాతే సెన్సర్. పి 0741 కన్వర్టర్ లోపల ఆయిల్ జారుడు లేకుండా నేరుగా బిగించే లాకప్ క్లచ్ పట్టడం లేదంటుంది. పి 0868 ఆయిల్ ఒత్తిడి తగ్గిందంటుంది. ఎందుకు తగ్గిందో చెప్పదు. ఆయిల్ మట్టం తగ్గి ఉండొచ్చు, వడపోత మూసుకుని ఉండొచ్చు, పంపులోని వాల్వు ఇరుక్కుని ఉండొచ్చు, సీలు కారుతుండొచ్చు, అసలు ఒత్తిడి చెప్పే సెన్సరే అబద్ధమాడుతుండొచ్చు. బెల్టును పట్టి ఉంచే ఒత్తిడి పెద్ద భారం మీద కొన్ని పదుల బార్లకు పెరుగుతుంది. కారు టైరులో గాలి రెండు బార్ల చిల్లర మాత్రమే ఉంటుందని గుర్తు తెచ్చుకుంటే ఆ బిగువు తెలుస్తుంది. కంప్యూటర్ అడిగిన ఒత్తిడి, నిజంగా వచ్చిన ఒత్తిడి రెండూ స్కానర్ తెర మీద పక్కపక్కన కనిపిస్తాయి. అడిగింది పెరుగుతూ వచ్చింది పెరగకపోతే తప్పు ఆయిల్ దారిలో ఉంది. రెండూ కలిసి నడుస్తూ కూడా బెల్టు జారితే తప్పు బెల్టులోనో కప్పీలోనో ఉంది.

రోడ్డు మీద పరీక్షకు చిత్తూరు, పలమనేరు ప్రాంతం మంచి బడి. ఒక్కో జబ్బుకు ఒక్కో రోడ్డు ఉంది. వణుకు పట్టుకోవడానికి ఘాట్ అక్కర్లేదు. పలమనేరు నుంచి వి.కోట మీదుగా కుప్పం పోయే రోడ్డులో రద్దీ లేని చోట గంటకు 40 నుంచి 60 కిలోమీటర్ల వేగంతో, యాక్సిలరేటర్ తేలిగ్గా, ఒకేలా తొక్కి పట్టుకోవాలి. గరుకు రోడ్డు మీద పోతున్నట్టు సన్నటి వణుకు వస్తే, యాక్సిలరేటర్ కదపకుండా బ్రేకు పెడల్‌ను లైటు వెలిగేంత మాత్రమే తాకాలి. బ్రేకు తాకగానే చాలా బండ్లలో కంప్యూటర్ లాకప్ క్లచ్‌ను వదిలేస్తుంది. అప్పుడు వణుకు ఆగితే తప్పు లాకప్‌లో ఉందని బలమైన అనుమానం. పాత ఆయిల్ మార్చడంతోనే కొన్నిసార్లు అది పోతుంది. బ్రేకు తాకినా వణుకు పోకపోతే స్కానర్ అంకెలు చూడాలి. ఇంజన్ తిరుగుడు 2,000, మొదటి కప్పీ 1,990 ఉంటే అంతవరకు పట్టు బాగుంది. అప్పుడు మొదటి కప్పీకీ రెండో కప్పీకీ మధ్య నిష్పత్తి చూడాలి. బండి కదిలేటప్పుడు ఇది 2.5 దరిదాపుల్లో ఉండి, వేగం పెరిగేకొద్దీ ఒకటికీ, ఆ తర్వాత సగానికీ తగ్గుతూ రావాలి. కంప్యూటర్ అడగకుండానే ఈ అంకె ఒక్కసారి ఎగిరి పడితే బెల్టు జారింది. ఈ పరీక్షకు నడిపేవారు ఒకరు, స్కానర్ చూసేవారు ఒకరు ఉండాలి. ఒంటరిగా చేసేది కాదు.

వేడి సంగతి మొగిలి ఘాట్ తేలుస్తుంది. పలమనేరు సముద్ర మట్టానికి సుమారు 680 మీటర్ల ఎత్తున ఉంది, చిత్తూరు దాదాపు అందులో సగం ఎత్తున ఉంది. ఆ తేడాలో ఎక్కువ భాగం ఘాట్‌లోనే ఎక్కాలి. పైన పలమనేరులో చల్లగా ఉంటుంది కాబట్టి బండికి భారం లేదనుకోవడం పొరపాటు. వేడి పుట్టేది గాలిలోంచి కాదు, నిండా మనుషులను, సామానును వేసుకుని, ఏసీ నడుపుతూ లారీల వెనక నిదానంగా ఎక్కడంలోంచి. హార్స్‌లీ హిల్స్ మలుపుల్లోనూ ఇదే కథ. మామూలు నడకలో ఆయిల్ వేడి 80, 100 డిగ్రీల మధ్య తిరుగుతుంది. 120 దాటేసరికి చాలా బండ్లు తమను తాము కాపాడుకోవడానికి ఇంజన్ బలాన్ని తగ్గిస్తాయి. అప్పుడు బండి ఎంత తొక్కినా లాగదు. చల్లారాక ఏమీ జరగనట్టు నడుస్తుంది. ఇలా ఘాట్‌లో మాత్రమే, వేడి మీద మాత్రమే లాగకపోతే బెల్టును అనుమానించే ముందు రేడియేటర్ జాలీలో కూరుకున్న దుమ్ము, ఫ్యాన్, కూలెంటు చూడాలి.

ఇక నిలబడి చేసే పరీక్షలు. బ్రేకు తొక్కి న్యూట్రల్ నుంచి డ్రైవ్‌కు మార్చాక పట్టు తగిలే దాకా గడియారం చూడాలి. సెకను, సెకనున్నర లోపు తగలాలి. అంతకంటే ఆలస్యమై, వేడెక్కాక ఇంకా పెరిగితే క్లచ్ అరిగిందో, ఒత్తిడి కారుతోందో అర్థం. డ్రైవ్‌లో బాగుండి రివర్స్‌లో మాత్రమే ఆలస్యమైతే తప్పు రివర్స్ వైపు క్లచ్ దగ్గర ఉంది, బెల్టుకు సంబంధం లేదు, ఎందుకంటే బెల్టు రెండింటికీ ఒకటే. స్టాల్ పరీక్షలో బ్రేకును గట్టిగా తొక్కి, చక్రాలకు అడ్డం పెట్టి, డ్రైవ్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఇంజన్ ఎంత తిరుగుతుందో చూస్తారు. మాన్యువల్ చెప్పిన అంకె కంటే ఎక్కువ తిరిగితే లోపల ఏదో జారుతోంది. తక్కువైతే ఇంజన్‌కు బలం లేదు, లేదా కన్వర్టర్ లోపలి భాగం చెడింది. అయిదు సెకన్లు మించకూడదు, మళ్లీ చేసే ముందు న్యూట్రల్‌లో ఆయిల్ చల్లారనివ్వాలి. ఈ పరీక్ష తెలిసిన మెకానిక్ చేయాల్సింది. బెల్టు అప్పటికే జారుతోందని తెలిసిన బండి మీద చేస్తే మిగిలిన కప్పీ కూడా పోతుంది. అందుకే అంకెల్లోనే విషయం తేలితే స్టాల్ పరీక్ష మానుకోవడం తెలివి.

శబ్దాల సంగతి త్వరగా తేల్చవచ్చు. బండి నిలిపి, పార్కులో ఇంజన్ రేస్ చేసినప్పుడు గుయ్యిమంటే పంపు వైపు చూడాలి, మట్టం తగ్గినా ఇదే శబ్దం. ఇంజన్‌తో కాక చక్రాల వేగంతో పెరిగే మూలుగు బేరింగులది. మలుపు తిరిగినప్పుడు అది హెచ్చుతగ్గులైతే చక్రం బేరింగు అయి ఉండే అవకాశం ఎక్కువ, దానికి గేర్‌బాక్సు విప్పక్కర్లేదు.

ఇంతటితో తేలకపోతే అడుగు పళ్లెం విప్పుతారు. పళ్లెంలో అయస్కాంతాలు ఉంటాయి. వాటి మీద బూడిద రంగు మెత్తని పొడి ఉండడం మామూలు అరుగుదల. మెరిసే సన్నటి ముక్కలు, చేతికి గుచ్చుకునే రవ్వలు ఉంటే బెల్టు గానీ కప్పీ గానీ బేరింగు గానీ అరిగిపోతోంది. కొన్ని బండ్లలో సన్నటి గొట్టం కెమెరా లోపలికి పంపి బెల్టు అంచులను, పలకల మీద గీతలను చూడవచ్చు. నిస్సాన్ బండ్లలో వణుకుకు సంబంధించిన కోడ్ వచ్చినప్పుడు ఆ సంస్థ అధీకృత వర్క్‌షాపుల్లో ఈ పని చేస్తారు. ముక్కలు దొరికాక ఆయిల్ మార్చి పంపడం వృథా. ముక్కలు దొరకకుండానే పెట్టె మార్చమనడమూ అంతే.

నిర్ధారణకు ముందే పెట్టెను చంపే పని ఒకటి ఉంది, తాడు కట్టి లాగడం. ఘాట్‌లో ఆగిపోయిన బండిని ట్రాక్టరుకు కట్టి పలమనేరు దాకా ఈడ్చుకుపోవడం పాత అలవాటు. సీవీటీలో ఆయిల్ పంపు ఇంజన్‌తోనే తిరుగుతుంది. ఇంజన్ ఆగితే ఆయిల్ తిరగదు, కానీ నేల మీద దొర్లే చక్రాలు లోపలి భాగాలను తిప్పుతూనే ఉంటాయి. చిన్న సెన్సర్ తప్పుతో ఆగిన బండి, షెడ్డు చేరేసరికి పెద్ద ఖర్చు బండి అవుతుంది. చక్రాలు నేలకు తగలకుండా ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి తీసుకుపోవాలి.

వాల్వ్ బాడీ (ఆయిల్ ఒత్తిడిని పంచే వాల్వుల దిమ్మె) గానీ పూర్తి పెట్టె గానీ మార్చిన తర్వాత పని అయిపోయినట్టు కాదు. ప్రతి వాల్వ్ బాడీకీ ఫ్యాక్టరీలో కొలిచిన సర్దుబాటు అంకెలు ఉంటాయి. చాలా మోడళ్లలో వాటిని స్కానర్‌తో కంప్యూటర్‌కు ఎక్కించి, మళ్లీ నేర్పించే పద్ధతి పూర్తి చేయాలి. అది చేయకపోతే కొత్త పెట్టెలో కూడా పాత జెర్కే వస్తుంది, కొత్త పెట్టె కూడా చెడ్డదే వచ్చిందన్న మాట పుడుతుంది. ఆయిల్ మార్చినప్పుడు కొన్ని బండ్లలో ఆయిల్ వయసు లెక్కను కూడా సున్నా చేయాలి. తర్వాత ఆయిల్ వేడెక్కే దాకా నడిపి, మట్టం మరోసారి చూసి, స్కానర్ తగిలించుకుని, మొదట ఏ రోడ్డు మీద, ఏ వేగంలో, ఎంత బరువుతో తప్పు వచ్చిందో అదే రోడ్డు మీద, అదే వేగంలో, అంతే బరువుతో నడిపి, నాలుగు తిరుగుడు అంకెలనూ మళ్లీ రాసుకోవాలి.